ఆయన రెండో మాట

మా పెద్దమ్మాయికి రావలసిన 48,000 రూపాయలు రాకుండా చేసినవాణ్ణి నేనే. దాంతోపాటు అంతకంటే విలువైన ఇంకో అవకాశమూ పోయింది. ఇందులో ఎవరి మోసమూ లేదు. చెప్పవలసినవాళ్ళు చెప్పవలసిన సమయానికి చెప్పారు. నేనే వినలేదు. ఈ సంగతి మొన్నటిదాకా ఇంట్లోవాళ్ళ దగ్గర తప్ప ఎక్కడా ఒప్పుకోలేదు. మళ్ళీ ఒంటిపూట బడుల రోజులొచ్చాయి. విజయవాడ పక్కన మా ఇబ్రహీంపట్నంలో మళ్ళీ కొందరు తండ్రులు టీసీల కోసం బడికి వెళ్తారు. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

రింగు సెంటరుకు దగ్గర్లో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమస్తాని నేను. థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి బూడిద ఎత్తుకెళ్ళే లారీలకు బిల్లులు రాయడం, తూకం చీటీలు సరిచూడడం నా పని. ఒక్క అంకె తేడా ఉన్నా పట్టుకుంటాను. డిగ్రీ చదివాను. పొద్దున్నే పేపరు చూడందే టీ తాగను. అలాంటివాణ్ణి, నా పిల్ల చదివే బడి నోటీసు బోర్డు మీద ఏముందో ఒక్కనాడూ ఆగి చదవలేదు.

మా అమ్మాయి ఆరో తరగతి నుంచి జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివింది. ఎనిమిదిలో ఉండగా లెక్కల మేడం పట్టుబట్టి ఎన్‌ఎంఎంఎస్ పరీక్షకు కట్టించారు. నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్ అని దాని పూర్తి పేరు. కేంద్ర ప్రభుత్వం 2008లో పెట్టింది. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటని పిల్లలు ఎనిమిదితోనో పదితోనో చదువు ఆపేయకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు పిల్లల ఖాతాలోనే పడతాయి. మొత్తం 180 ప్రశ్నలు. సగం బుద్ధికి పదును పెట్టేవి, సగం పాఠాలకు సంబంధించినవి. దేశమంతటికీ ఏటా లక్ష స్కాలర్‌షిప్పులైతే అందులో ఆంధ్రప్రదేశ్‌కు 4,087. ఆ నాలుగు వేల చిల్లర పిల్లల్లో మా అమ్మాయి పేరు వచ్చింది. బడిలో చప్పట్లు కొట్టించారట. ఇంటికొచ్చి చెప్పినప్పుడు నేను ఫోనులో లారీ ఎక్కడుందో కనుక్కుంటున్నాను. "సరేనమ్మా, మంచిది" అన్నాను. అంతే అన్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రైవేటు బళ్ళవాళ్ళు మా వీధికి వచ్చారు. మా వైపు ఇది ప్రతి వేసవికీ ఉన్నదే. పరీక్షలు పూర్తికాకముందే ఆ బళ్ళ టీచర్లు ఇద్దరిద్దరుగా ఎండలో ఇల్లిల్లూ తిరుగుతారు. చేతిలో రంగు రంగుల కాగితాలు, కిందటేడు ర్యాంకుల ఫోటోలు. పాపం, వాళ్ళకూ ఇన్ని అడ్మిషన్లు తేవాలని లెక్కలుంటాయి. వాళ్ళను తప్పు పట్టను. నా ఇంటి గడపలో నిలబడి, నన్ను "సార్" అని పిలిచి, నా కూతురి గురించి పావుగంట మాట్లాడారు. ఉగాదిలోపు చేరితే ఫీజు తగ్గిస్తామన్నారు. పాప ఎన్‌ఎంఎంఎస్ సాధించిందని విని మరీ సంతోషించారు. ఇంత తెలివైన పిల్లను అక్కడ ఎందుకుంచారని అడిగారు. ఆ ప్రశ్న నా లోపల ఎప్పటినుంచో ఉంది. మా ఆఫీసులో మిగతావాళ్ళ పిల్లలందరూ టై కట్టుకుని బస్సెక్కేవాళ్ళు. పెళ్ళిళ్ళలో "అమ్మాయి ఏ స్కూలు?" అని అడిగితే జడ్పీ హైస్కూలని చెప్పడానికి నాకు గొంతు తగ్గేది. నిజం చెప్పాలంటే ఆ బడి మార్పించింది చదువు మీద బెంగ కాదు. ఆ గొంతు తగ్గడం.

అందులో ఉన్న తెలివితక్కువతనం నాకు ఎంత కాలానికి అర్థమైందో! ఆ పిల్లకు ర్యాంకు తెప్పించింది ఆ జడ్పీ బడి. ఆ ర్యాంకునే సాక్ష్యంగా చూపించి ఆ బడి చాలదని నేను తీర్మానించాను.

మా ఆవిడ వద్దంది. ఆమె అప్పుడు బడి తల్లిదండ్రుల కమిటీలో సభ్యురాలు. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. అలా ఆమె మీటింగులకు వెళ్ళేది. తిరిగొచ్చి అక్కడ చెప్పినవన్నీ అన్నం వడ్డిస్తూ చెప్పేది. "ఏవండీ, హెడ్మాస్టరు గారు ఈ స్కాలర్‌షిప్పు గురించి ఏదో చెప్పారు. ఇంకో విషయమూ చెప్పారు. ఒకసారి మీరే వెళ్ళి కనుక్కోండి, ఆ తర్వాత మీ ఇష్టం" అంది. పదో తరగతి దాకా చదివిన భార్య తెచ్చిన కబురు, డిగ్రీ చదివిన నాకు కబురులా అనిపించలేదు. మీటింగుల్లో ఏవో చెబుతూనే ఉంటారులే అనుకున్నాను. చీటీ పాట పాడి ఫీజులో మొదటి విడత కట్టేశాను. కట్టాక టీసీకి వెళ్ళాను.

హెడ్మాస్టరు గారు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు తెప్పించారు. టీసీ దరఖాస్తు చదివి బల్ల మీద పెట్టి, "ఒకసారి ఆలోచించండి. ప్రభుత్వ బడిలోనో, స్థానిక సంస్థల బడిలోనో, ఎయిడెడ్ బడిలోనో చదివితేనే ఈ స్కాలర్‌షిప్. ప్రైవేటుకు మారితే రాదు" అన్నారు.

అప్పుడు నేనన్న మాట నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "నెలకు వెయ్యి రూపాయల కోసం పిల్ల భవిష్యత్తు తాకట్టు పెట్టమంటారా సార్?" అన్నాను. పెద్ద గొంతుతో అన్నాను. పక్క గదిలో టీచర్లకు వినబడింది. ఆయన ముఖంలో కోపం రాలేదు. "అది ఒక్కటే కాదండీ, ఇంకో మాట..." అని మొదలుపెట్టారు. నేను లేచాను. టీసీ ఎప్పుడిస్తారో చెప్పండి, వచ్చి తీసుకుంటాను అని బయటికి వచ్చేశాను.

ఆ రెండో మాట ఏమిటో రెండేళ్ళ తర్వాత తెలిసింది.

2025 ఏప్రిల్ 23న పదో తరగతి ఫలితాలు వచ్చాయి. అమ్మాయికి మంచి మార్కులే వచ్చాయి. నూజివీడు ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టాం. మాకు మైలవరం మీదుగా వెళ్తే నూజివీడు దగ్గరే. ఈ ట్రిపుల్ ఐటీల కోసం 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు పల్లెటూరి పిల్లల కోసమే పెట్టారు. పదో తరగతి కాగానే చేర్చుకుని, హాస్టల్లో ఉంచి, ఇంటర్‌కు సమానమైన రెండేళ్ళు, ఆపైన బీటెక్ నాలుగేళ్ళు, మొత్తం ఆరేళ్ళ చదువు ఒకే చోట. నూజివీడుతో పాటు ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, ఈ నాలుగూ మన రాష్ట్రంలోవి. సీట్లు పదో తరగతి మార్కుల మీదే. జూన్‌లో జాబితా వచ్చింది. మా అమ్మాయి పేరు లేదు. ఎంతో తేడాతో పోయి ఉంటే సరిపెట్టుకునేవాళ్ళం. కొద్దిలో పోయింది.

ఆ సాయంత్రం మా ఆవిడ చెప్పింది. హాస్టల్ వసతి లేని ప్రభుత్వ బళ్ళలో, అంటే జిల్లా పరిషత్, మునిసిపల్ వంటి బళ్ళలో చదివి పదో తరగతి పాసైన పిల్లలకు ఆ ఎంపికలో నాలుగు శాతం అదనంగా కలుపుతారట. వసతుల్లేని చోట చదివి వచ్చినందుకు ఇచ్చే ఆసరా అది. "ఆవేళ మీటింగులో హెడ్మాస్టరు గారు రెండూ చెప్పారు. స్కాలర్‌షిప్పూ, నూజివీడూ" అంది. నిష్ఠూరంగా అనలేదు. నేను అడిగాను కాబట్టి చెప్పింది.

జడ్పీలోనే ఉండి ఉంటే అమ్మాయికి అవే మార్కులు వచ్చేవా? చెప్పలేను. కొత్త బడి కూడా పిల్లను బాగానే చదివించింది, ఆ బడి మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఆ నాలుగు శాతమూ కలిసి, ఆ కొద్ది తేడా దాటి, పిల్ల నూజివీడు బస్సెక్కడం అనే ఒక దారి ఉంది. ఆ దారి ఉన్న సంగతి కూడా తెలుసుకోకుండా మూసేశాను. తెలిసి మూసి ఉంటే అది నిర్ణయం అయ్యేది. తెలియకుండా, తెలుసుకోమని బతిమాలినా తెలుసుకోకుండా మూశాను. దీనికి నా దగ్గర సమాధానం లేదు.

అప్పటినుంచి బడి కాగితాలు చదవడం మొదలుపెట్టాను. చదువుతుంటే తెలిసింది, మార్చి నుంచి జూన్ మధ్య ప్రభుత్వ బడి చెప్పే కబుర్లు ఎన్నో, వాటిలో ఒక్కోదానికి గడువు ఎంత కొంచెమో. మామూలుగా మార్చి 15 ప్రాంతంలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. మధ్యాహ్నం పన్నెండున్నరకు పిల్లల్ని వదిలినా, భోజనం పెట్టే పంపుతారు. ఇది తెలియక ఆ నెలన్నరా పిల్లవాడు ఆకలితో ఉంటాడని తొందరపడి ఇంటికి పిలిపించుకునేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. ఏప్రిల్ 23, 24 దాకా బడి, ఆపైన జూన్ 12 దాకా సెలవులు. ఈ మధ్యలోనే అన్నీ. ఐదో తరగతికి అంబేద్కర్ గురుకులాల పరీక్ష, ఆరో తరగతికి మోడల్ స్కూళ్ళు, ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాల దరఖాస్తులు, పది రాసినవాళ్ళకు పాలిసెట్, గురుకుల జూనియర్ కాలేజీల ప్రవేశ పరీక్ష, ఆ వెంటనే ట్రిపుల్ ఐటీ. ఒకటి దాటితే ఆ ఏటికి దాటినట్టే.

ఒకటో తరగతి పిల్లలుంటే మరొకటి ఉంది. విద్యాహక్కు చట్టం పన్నెండో సెక్షన్ కింద ప్రైవేటు బళ్ళు ఒకటో తరగతి సీట్లలో నాలుగో వంతు పేద పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. చట్టం 2009ది. మన రాష్ట్రంలో అమలు 2022-23 నుంచి. ఆ పాతిక శాతంలో ఎస్సీలకు పది, ఎస్టీలకు నాలుగు, అనాథలకూ దివ్యాంగులకూ హెచ్‌ఐవీ బాధిత పిల్లలకూ కలిపి ఐదు, మిగతా పేదలకు ఆరు. వేసవిలో ఆన్‌లైన్‌లో దరఖాస్తు, లాటరీ. మా ఆఫీసులో హమాలీగా పనిచేసే అతను మనవరాలి కోసం ఫీజు అప్పు అడిగితే, అప్పుకంటే ముందు ఈ సంగతి చెప్పాను. అతను సచివాలయానికి వెళ్ళి దరఖాస్తు పెట్టించాడు. లాటరీలో రాలేదు. వచ్చే ఏడాది వయసు దాటిపోతుంది. అయినా అతను నన్ను ఏమీ అనలేదు, "తెలిసింది కదండీ, మా తమ్ముడి పిల్లకు పెట్టిస్తా" అన్నాడు.

చదువుకునే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం కూడా ఈ నెలల్లో సరిచూసుకోవలసిన లెక్కే. 2025 జూన్ నుంచి ఇంట్లో ఎంతమంది పిల్లలు చదివితే అంతమందికీ ఇస్తున్నారు. ఒక్కో బిడ్డకు 15,000లో రెండు వేలు బడి నిర్వహణకు పోగా 13,000 తల్లి ఖాతాలో పడ్డాయి. దానికి హాజరు 75 శాతం ఉండాలి. మావైపు మిర్చి కోతలకు నది అవతలికి పోయే కుటుంబాలు పిల్లల్ని వెంట తీసుకుపోతాయి, ఆ హాజరు అక్కడే పోతుంది. ఇంకొన్ని ఇళ్ళల్లో తల్లి ఖాతాకు ఆధార్ కలవలేదని, అద్దె ఇంట్లో వేరేవాళ్ళ కరెంటు మీటరు తమ పేరున పడి మూడు వందల యూనిట్లు దాటిందని ఆగిపోతుంది. జూన్‌లో డబ్బు పడనప్పుడు కంగారుపడి తిరిగేకంటే, ఏప్రిల్‌లో సచివాలయంలో ఒకసారి చూపించుకుంటే తేలిపోయే సంగతులు ఇవి.

ఇలాంటి కబుర్లు ఇంటికే చేరే చోటూ ఉంది. మా బావమరిది అమెరికాలో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాడు. పిల్లలిద్దరూ అక్కడి ప్రభుత్వ బళ్ళలోనే చదువుతున్నారు. అక్కడ ఊళ్ళ బళ్ళన్నీ కలిపి ఒక జిల్లాగా నడుస్తాయి, ఎన్నికైన బోర్డు చూసుకుంటుంది. వసంతకాలం వస్తే పై తరగతి నమోదులు, వేసవి తరగతులు, సెలవుల్లో పిల్లలకు ఉచిత భోజనం ఎక్కడ పెడతారు, అన్నీ ఈమెయిల్లో పంపుతారట. మాకూ అలా ఇంటికే పంపితే బాగుండునని నేనంటే, "ఇక్కడా మెయిల్ తెరవకపోతే అంతే బావా. మావాడి సమ్మర్ క్లాసు అట్లాగే పోయింది" అన్నాడు. అయినా ఇంటికి చేరవేయడంలో మనం వెనకబడి ఉన్నామన్నది నిజం. బడి నోటీసు బడి గోడ మీదే ఉండిపోతుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టినా ఫోను తండ్రి జేబులో ఉంటుంది, తండ్రి పనిలో ఉంటాడు. ప్రైవేటు కాగితం మాత్రం గడప దాకా నడిచి వస్తుంది. ప్రభుత్వ బడి టీచర్లు కూడా వేసవిలో వీధుల్లోకి వస్తున్నారు, చూశాను. వాళ్ళు బడిలో చేరమని చెబుతున్నారు. బడిలో ఉన్న పిల్లలకు రాబోయేవేమిటో కూడా ఆ గడపలోనే చెబితే, నాలాగా లేచి వెళ్ళిపోయేవాళ్ళు కొందరైనా తగ్గుతారు.

అమ్మాయి ఇప్పుడు విజయవాడలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎంపీసీ చదువుతోంది. 2025 జనవరి 4న పాయకాపురం కాలేజీలో మొదలుపెట్టినప్పటి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. తొలి వారం క్యారేజీ కట్టి పంపాం, తర్వాత తనే వద్దంది. ఎన్‌ఎంఎంఎస్ మాత్రం తిరిగి రాదు. తొమ్మిదిలో కొత్తగా నమోదు చేసి, ఏటేటా జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేసుకుంటూ పోవలసింది, మొదటి మెట్టులోనే ఆగిపోయింది. ఒకనాడు ధైర్యం తెచ్చుకుని, "నా వల్ల పోయిందమ్మా" అన్నాను. "అప్పుడు నన్నూ ఒక్క మాట అడగలేదు నాన్నా" అంది. నేను అడిగానో లేదో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. అడగలేదు. నలుగురి ముందూ గొంతు తగ్గకూడదని నేను చేసిన పనిలో, అసలు చదవవలసిన పిల్ల ఏమనుకుంటోందో నాకు తట్టలేదు. డబ్బు పోయినదానికన్నా ఇది ఎక్కువ బాధ.

చిన్నవాడు అదే జడ్పీ హైస్కూల్లో ఏడో తరగతిలో ఉన్నాడు. ఎన్‌ఎంఎంఎస్‌కు కట్టాలంటే ఏడో తరగతిలో 55 శాతం మార్కులు రావాలి, ఎస్సీ ఎస్టీలకైతే 50. అంటే ఈ ఏప్రిల్‌లో వాడు రాసే పరీక్ష కూడా లెక్కలోకి వస్తుంది. దరఖాస్తు ఆగస్టు, సెప్టెంబరుల్లో బడి ద్వారానే వెళ్తుంది, పరీక్ష ఎక్కువగా డిసెంబరులో ఉంటుంది. వచ్చాక పదిలో 60 శాతం తెచ్చుకుంటేనే ఇంటర్‌లో కొనసాగుతుంది. ఇవన్నీ ఇప్పుడు నాకు లారీ నంబర్లలా నోటికొచ్చు. అక్క వాడికి ఆదివారాలు ప్రశ్నలు చెబుతోంది. వాడికి వస్తుందో రాదో, అది వాడి చదువు. వాడి టీసీ కోసం మాత్రం నేను వెళ్ళను. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడు మొదటిసారి ఆ బడిలో తరగతి గది బల్ల మీద కూర్చున్నాను. ఎక్కువమంది తల్లులే. తండ్రులం వెనక వరుసలో కొద్దిమందిమి.

ఆ హెడ్మాస్టరు గారు బదిలీ మీద వెళ్ళిపోయారు. ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నారో లెక్కల మేడం చెప్పారు. ఆయన్ని కలిసి ఆ రోజు అన్న మాటకు క్షమాపణ చెప్పాలి. ఇంకా చెప్పలేదు.

మా ఆఫీసుకు బండి నడిపే డ్రైవరు ఒకతని కూతురు ఈ ఏడాది ఎనిమిది. ఆ అమ్మాయికీ ఎన్‌ఎంఎంఎస్ వచ్చింది. మొన్న అతను టీ తాగుతూ జేబులోంచి ఒక రంగు కాగితం తీశాడు. ఉగాదిలోపు కడితే ఎంత తగ్గుతుందో నన్ను లెక్క చూడమన్నాడు. నేను నా సంగతంతా చెప్పాను, నూజివీడు దాకా. అతను కాగితం మడిచి, "మా ఆవిడ ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చిందన్నా" అన్నాడు. ఎంతిచ్చారో, తిరిగిస్తారో లేదో తెలియదు. టీసీ ఇంకా తీసుకోలేదు. రేపు అతను బొబ్బర్లంక ట్రిప్పు నుంచి వచ్చాక, భార్యాభర్తలిద్దరితో కలిసి మా బడికి వెళ్తున్నాను. ముందు వాళ్ళమ్మాయిని అడగమని చెప్పాను.